ఇంట్లనే ఉన్నడు గదా!

జులై నెలాఖరుకు అక్కన్నపేట మండలంలో పనులన్నీ ఒక్కసారే మీద పడతాయి. బోర్ల కింద, బావుల కింద నాట్లు, పత్తిలో కలుపు, మక్కకు యూరియా. సరిగ్గా ఆ రోజుల్లోనే ఐఐటీలు కలిసి నడిపే ఎన్‌పీటెల్‌లో కొత్త ఆన్‌లైన్ కోర్సులు మొదలవుతాయి. పన్నెండు వారాల కోర్సు అక్టోబరు నడిమికి ముగుస్తుంది. ఆ వెంటనే పరీక్షలు. అప్పటికి పత్తి మొదటి ఏరుడు. జనవరిలో మొదలయ్యే కోర్సులకు ఏప్రిల్‌లో పరీక్షలు. యాసంగి వరి కోతలు, ఐకేపీ సెంటర్‌లో వడ్ల కుప్పల కాడ కావలి కూడా ఏప్రిల్‌లోనే. పాఠాలకు తేదీలు వేసినవాళ్ల లెక్కలో మన ఎవుసం లేదు. రెండు లెక్కలూ కలిసి వచ్చి పడేది మాత్రం మీ ఇంట్లో ఉన్న పంతొమ్మిదేళ్ల పిల్ల మీదో, పిల్లవాడి మీదో.

వాడు పొద్దున్నే బస్సెక్కి హుస్నాబాద్ కాలేజీకి పోతే ఎవరూ పిలవరు. అదే పాఠం ఇంట్లో ఫోన్ ముందు కూర్చుని వింటుంటే, గంటలో నాలుగు పిలుపులు. "జర మోటర్ బంజేసి రా." "పాలు పోసి రాపో." "సుట్టాలొచ్చిండ్రు, ఓ చల్లటి సీసా తే." "క్లాసు అయితుంది బాపూ" అంటే, "ఇంట్లనే ఉన్నవ్ గదరా, పది నిమిషాల పనికేంది?" అని. పది నిమిషాల పనే. కానీ తిరిగొచ్చి కూర్చున్నాక పాఠం ఎక్కడ తెగిందో దొరకబుచ్చుకోవడానికి ఇంకో పది నిమిషాలు పడుతుంది. అప్పటికి ఇంకో పిలుపు. ఇందులో తల్లిదండ్రుల చెడ్డబుద్ధి ఏమీ లేదు. కాలేజీకి పోవడమంటే ఇల్లు దాటి పోవడమేనని మనందరి కళ్లకూ అలవాటు, అంతే.

ఆన్‌లైన్ చదువు మీద మనకు చిన్నచూపు రావడానికి ఇంకో కారణం కూడా ఉంది. కరోనా ఏడాది, 2020 సెప్టెంబర్ 1 నుంచి మన రాష్ట్రంలో బడి పిల్లలకు టీశాట్‌లో, దూరదర్శన్ యాదగిరిలో పాఠాలు వచ్చాయి. ఫోన్ కోసం అన్నాచెల్లెళ్లు కొట్లాడుకున్నారు, సిగ్నల్ కోసం పిల్లలు డాబాలెక్కారు. పదో తరగతి పిల్లలనైతే 2020లోనూ 2021లోనూ పరీక్షలు పూర్తికాకుండానే పాస్ చేశారు. అది తప్పనిసరై చేసిన పని. కానీ దాంతో చాలా ఇళ్లలో ఒక అభిప్రాయం పాతుకుపోయింది: ఆన్‌లైన్ అంటే ఉత్తుత్తి చదువు, ఎట్లైనా పాసవుతారు అని. ఇప్పటి కాలేజీ ఆన్‌లైన్ కోర్సులు అట్లాంటివి కావు, ఇది తల్లిదండ్రులు ముందుగా తెలుసుకోవాలి.

ఎన్‌పీటెల్‌నే చూడండి. వారం వారం పాఠాలు వస్తాయి, వారం వారం అసైన్‌మెంట్. గడువు దాటితే తీసుకోరు. వరి కోత మిషన్ ఆ రోజే దొరికిందంటే వినే మనిషి అక్కడ లేడు. వంద మార్కుల్లో 25 ఆ అసైన్‌మెంట్లకే, మిగతా 75 సెంటర్‌కు వెళ్లి రాసే పరీక్షకు. అసైన్‌మెంట్లలో 25కు కనీసం 10, పరీక్షలో 75కు కనీసం 30 రాకపోతే సర్టిఫికెట్ లేదు. కొంత దయ కూడా ఉంది: పన్నెండు వారాల కోర్సులో బాగా చేసిన ఎనిమిది అసైన్‌మెంట్లనే లెక్కలోకి తీసుకుంటారు. అంటే నాట్ల వారం ఒకటి, పెళ్లి వారం ఒకటి పోయినా కొంప మునగదు. నాలుగు పోయాక ఐదోది కూడా పోతే మాత్రం మార్కులు తగ్గడం మొదలవుతుంది. ఈ ఒక్క లెక్క తండ్రికి తెలిసి ఉంటే, ఏ వారం పొలానికి రమ్మనాలో, ఏ వారం వద్దనాలో ఆయనే తేల్చుకోగలడు.

ఇవి డిగ్రీకి బయటి కోర్సులు కూడా కావు. 2021లో యూనివర్సిటీలను పర్యవేక్షించే యూజీసీ తెచ్చిన నిబంధనల ప్రకారం ఒక సెమిస్టర్‌లో 40 శాతం దాకా సబ్జెక్టులను కాలేజీ ఒప్పుకుంటే, ఎన్‌పీటెల్ కోర్సులుండే 'స్వయం' వేదిక మీదే చదివి క్రెడిట్లు తెచ్చుకోవచ్చు. ఐఐటీ మద్రాస్ 2020లో మొదలుపెట్టిన డేటా సైన్స్ డిగ్రీలో జేఈఈ రాయనివాళ్లు కూడా చేరొచ్చు. నాలుగు వారాల పాఠాలు చదివి, అర్హత పరీక్ష గట్టెక్కితే చాలు. అయితే అక్కడ ఒక్కో సబ్జెక్టుకు వారానికి సుమారు 10 గంటలు పెట్టాలని ఆ సంస్థే చెబుతుంది. మూడు సబ్జెక్టులు తీసుకున్న పిల్లవాడికి వారానికి 30 గంటలు. రెగ్యులర్ కాలేజీకి పోయే వాడు తరగతిలో కూర్చునే కాలం కంటే ఇదేమీ తక్కువ కాదు.

అసలు ఇంట్లో ఉండి డిగ్రీ చదవడం మన ప్రాంతానికి కొత్తేమీ కాదు. దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాద్‌లో పెట్టారు, ఆంధ్రప్రదేశ్ ఓపెన్ యూనివర్సిటీ అనే పేరుతో. ఇప్పటి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అదే. దాని మొదటి వైస్ ఛాన్సలర్ ఆచార్య జి. రాంరెడ్డి ఉమ్మడి కరీంనగర్ జిల్లాలో పుట్టినవాడు. అక్కన్నపేట కూడా 2016 దసరా నాడు సిద్దిపేట జిల్లాలో కలిసేదాకా ఆ జిల్లాలోదే. ఆయనే తర్వాత 1985లో ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి తొలి వైస్ ఛాన్సలరయ్యాడు. మన జిల్లా మనిషి అని గొప్ప చెప్పుకోవడానికి కాదు ఈ మాట. అప్పట్లో ఆ హైదరాబాద్ ఓపెన్ యూనివర్సిటీలో పాఠాలు పుస్తకాలుగా అచ్చువేసి ఇచ్చేవారు, రేడియోలో ప్రసారం చేసేవారు. అక్కడితో చేతులు దులుపుకోలేదు. ఊళ్లకు దగ్గరలో ఉన్న కాలేజీల్లోనే స్టడీ సెంటర్లు పెట్టి, సెలవు రోజుల్లో అధ్యాపకులతో తరగతులు చెప్పించారు. గుమస్తాలు, టీచర్లు, ఇల్లాళ్లు ఆదివారం పూట ఆ బెంచీల మీద కూర్చున్నారు. మనిషి ఒంటరిగా పుస్తకంతో ఎక్కువకాలం నెగ్గుకురాలేడని, వారానికి ఒకసారైనా ఒక చోటు, ఒక వేళ, నలుగురు తోడు ఉండాలని ఆ యూనివర్సిటీ కట్టినవాళ్లకు తెలుసు.

కాలేజీ భవనం ఇచ్చేది కూడా అదే కదా. పాఠం ఎక్కడైనా దొరుకుతుంది. యూట్యూబ్‌లో మంచి మంచి ప్రొఫెసర్లు ఉచితంగానే ఉన్నారు. భవనం ఇచ్చేది వేళ, చోటు, తోడు. భవనం లేనప్పుడు ఆ మూడూ ఇల్లే ఇవ్వాలి. పిల్లలకు డిసిప్లిన్ లేదని మనం తిట్టుకునేదాంట్లో సగం ఈ మూడూ అమరకపోవడమే.

ముందు వేళ. టైం టేబుల్ రాసి గోడకు అంటించమని నేను చెప్పను. మూడో రోజుకు దాన్ని ఎవరూ చూడరు. ఇంట్లో ఇప్పటికే నడుస్తున్న వేళలను పట్టుకోండి. పొద్దున పాలు పోసి వచ్చాక రెండు గంటలు చదువు వేళ అనుకుంటే, పాల వేళ తప్పదు కాబట్టి చదువు వేళా తప్పదు. ఆ రెండు గంటలు వాడు కాలేజీలో ఉన్నట్టే లెక్క. వాకిట్లోకి ఎవరొచ్చి అడిగినా "కాలేజ్ల ఉన్నడు" అనే చెప్పండి. మొదట నవ్వుతారు, తర్వాత అలవాటవుతుంది. దానికి బదులుగా మిగతా వేళ పొలానికి రమ్మంటే వాడు రావాలి. అది న్యాయం. రైతు ఇంట్లో పుట్టినవాడు నాట్లప్పుడు గదిలో తలుపేసుకుని కూర్చుంటానంటే కుదరదు, కూర్చోవాల్సిన అవసరమూ లేదు. రికార్డు చేసిన పాఠం సాయంత్రం కూడా వినొచ్చు. లైవ్ క్లాసులు, అసైన్‌మెంట్ గడువులు, పరీక్ష తేదీలు మాత్రం జరపడానికి వీల్లేనివి. సెమిస్టర్ మొదట్లోనే ఆ తేదీలన్నీ ఇంట్లో క్యాలెండర్ మీద, పండుగలు గుర్తుపెట్టుకునే చోటే, ఎర్ర పెన్నుతో రాయించండి. కూలీలను ఎప్పుడు పిలవాలో ఆలోచించేటప్పుడు మీ కళ్లు ఆ క్యాలెండర్ మీదికే పోతాయి కదా.

చోటుకు ప్రత్యేకంగా గది అక్కర్లేదు. సిగ్నల్ వచ్చే మూల, కూర్చునే కుర్చీ, చార్జింగ్ ప్లగ్. టీవీ ఉన్న గది కాకపోతే చాలు. మంచంలో పడుకుని పాఠం వినడం మాత్రం వద్దనండి, నిద్ర రావడం ఖాయం.

సిగ్నల్ సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. రోజుకు ఒకటిన్నర, రెండు జీబీల ప్యాక్ ఉన్న ఇంట్లో డేటా అయిపోయేది పాఠాలతో కాదు, రీల్స్‌తో. పాఠాన్ని ముందు రోజు రాత్రి, మిగిలిన డేటాతో, తక్కువ క్వాలిటీలో డౌన్‌లోడ్ చేసి పెట్టుకుంటే మర్నాడు కరెంటు పోయినా, టవర్ మొరాయించినా పట్టింపు లేదు. బోర్డు మీది అక్షరాలు కనిపిస్తే చాలు, ప్రొఫెసర్ మొహం స్పష్టంగా కనిపించకపోతే నష్టమేమీ లేదు. ఎన్‌పీటెల్‌లో చాలా పాఠాలకు తెలుగులో రాసిన ప్రతులు కూడా దొరుకుతాయి. ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివి, ఇంగ్లిష్ వేగానికి బిక్కచచ్చిపోయే పిల్లలకు ముందు తెలుగు ప్రతి చదివి తర్వాత ఇంగ్లిష్ వీడియో వినమని చెప్పండి. అది దొంగదారేమీ కాదు.

ఇంకో సంగతి. పిల్లలు వీడియోను ఒకటిన్నర రెట్లు, రెండు రెట్ల వేగంతో వింటుంటే మీకు ఒళ్లు మండుతుంది. అంత మండక్కర్లేదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్లు చేసిన పరీక్షల్లో రెండు రెట్ల వేగం దాకా విన్నవాళ్లకు పెద్దగా తేడా రాలేదు. అది దాటితేనే అర్థంకావడం తగ్గింది. వేగంతో కంటే పొడవుతోనే చిక్కు. ఎడెక్స్ అనే సంస్థ కోర్సుల్లో జనం వీడియోలు ఎంతసేపు చూస్తున్నారో 2014లో లెక్క తీస్తే, వీడియో ఎంత పొడవున్నా మనసు నిలిచేది సుమారు ఆరు నిమిషాలే అని తేలింది. కాబట్టి మధ్య మధ్య ఆపి, రెండు ముక్కలు కాగితం మీద రాసి, మళ్లీ మొదలుపెట్టే పిల్లవాడు సోమరిపోతు కాదు, తెలివైనవాడు. అసలు ఆపకుండా గంటన్నర చూస్తున్నవాడినే కొంచెం గమనించండి.

ఇక తోడు. అన్నిటికంటే కష్టమైనదీ, మీ చేతిలో ఎక్కువగా ఉన్నదీ ఇదే. మండలంలో, తండాల్లో కలిపి అదే కోర్సో అట్లాంటిదో చదివే పిల్లలు ఇద్దరు ముగ్గురు తప్పక ఉంటారు. ఆదివారం ఒక ఇంట్లో కూర్చుంటే చాలు. "గుంపైతే ముచ్చట్లే" అని మీరంటారు. నిజమే, సగం ముచ్చట్లే. మిగతా సగంలో ఒకడికి రానిది ఇంకొకడు చెబుతాడు. వారం రోజులుగా లాగిన్ కానివాడు ఆదివారం మొహం చూపించాలి కాబట్టి శనివారం రాత్రన్నా లాగిన్ అవుతాడు. ఈ సిగ్గు చాలా పనిచేస్తుంది. ప్రపంచంలో ఉచిత ఆన్‌లైన్ కోర్సుల్లో చేరినవాళ్లలో పూర్తిచేసేది చాలా చోట్ల పదింట ఒకరు కూడా ఉండరు. మానేసేవాళ్లలో చాలామంది తెలివితక్కువై మానేయరు. మానేశారని ఎవరూ అడగరు కాబట్టి మానేస్తారు.

రోజూ దొరికే తోడు మీరే. "నాకు అక్షరం రాదు, కంప్యూటర్ చదువు నేనేం చెప్త?" అంటారు చాలామంది తల్లులు. మీరు చెప్పక్కర్లేదు, వినాలి. రాత్రి అన్నం తినేటప్పుడు "క్లాసు విన్నవా?" అని అడిగితే వచ్చే జవాబు "ఆఁ విన్న". అక్కడితో అయిపోయింది. దానికి బదులు "ఇయ్యాల ఏం చెప్పిన్రు బిడ్డా? నాకు సమజయ్యేటట్టు చెప్పు" అనండి. పిల్లవాడు తడబడతాడు, "నీకేం తెలుస్తది అవ్వా" అని విసుక్కుంటాడు. వదలకండి. మీకు అర్థమయ్యేలా చెప్పాలంటే వాడు ఇంగ్లిష్ మాటలు పక్కనపెట్టి అసలు విషయాన్ని తన బుర్రలోంచి తీయాలి. బావి తోడితేనే ఊట ఊరుతుంది. చదువుకూ ఆ తోడటమే కావాలి.

ఇది ముసలమ్మ మాట కాదు, కొలిచి చూసిన సంగతి. హెర్మన్ ఎబింగ్‌హౌస్ అనే జర్మన్ పండితుడు తన మీద తనే పరీక్షలు చేసుకుని 1885లో అచ్చువేసిన లెక్క ప్రకారం, అర్థం లేని అక్షరాల జాబితాలను బట్టీపడితే గంటకే సగానికి పైగా, ఒక రోజుకు మూడింట రెండు వంతులు జారిపోయాయి. పాఠానికి అర్థం ఉంటుంది కాబట్టి అంత తొందరగా పోదు, కానీ పోతుంది. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు పరిశోధకులు కాలేజీ విద్యార్థులతో ఇంకో పరీక్ష చేశారు. కొందరు ఒక పాఠాన్ని నాలుగుసార్లు చదివారు. ఇంకొందరు ఒక్కసారే చదివి, మూడుసార్లు చూడకుండా గుర్తు తెచ్చుకుని రాశారు. ఐదు నిమిషాల తర్వాత చూస్తే చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత చూస్తే నాలుగుసార్లు చదివినవాళ్లకు 40 శాతం, గుర్తు తెచ్చుకున్నవాళ్లకు 61 శాతం నిలిచింది. వీడియోను మళ్లీ మళ్లీ చూసే పిల్లవాడికి అంతా వచ్చినట్టే అనిపిస్తుంది. పరీక్ష హాల్లో మాత్రం పెన్ను కదలదు. అన్నం కాడ అవ్వకు చెప్పినవాడు, అవ్వకు అర్థం కాకపోయినా సరే, ఒకసారి గుర్తు తెచ్చుకున్నట్టే. అవ్వ మధ్యలో "అట్లెందుకైతది?" అని అడిగిందంటే ఇంకా మంచిది. వాడికి జవాబు రాదు, అన్నం తిని పోయి మళ్లీ చూస్తాడు.

ఇంతదాకా వాడు, పిల్లవాడు అని రాసుకుంటూ వచ్చాను. ఆడపిల్లల సంగతి విడిగానే చెప్పాలి. కొడుకును ఇంట్లో ఉన్నప్పుడు మోటర్ కాడికి పంపిస్తాం. బిడ్డనైతే పంపించం, ఇంట్లోనే పని ఇస్తాం. బోళ్లు, బట్టలు, వంట, చిన్నపిల్లలు, మంచంలో ఉన్న ముసలాయన. ఒక్కొక్కటీ చిన్న పనే, కానీ ఒకదాని వెంట ఒకటి వస్తూనే ఉంటుంది. ఇయర్‌ఫోన్ ఒక చెవిలో పెట్టుకుని, చపాతీలు కాలుస్తూ స్టాటిస్టిక్స్ వినే అమ్మాయిలు మన ఊళ్లలో ఉన్నారు. పొగడాల్సిన ఓర్పు అనుకుంటాం గానీ, అట్లా విన్న స్టాటిస్టిక్స్ బుర్రకెక్కదు. ఫోన్ విషయంలోనూ అంతే: కొడుక్కి సొంత ఫోన్, బిడ్డకు మాత్రం తండ్రి పొలం నుంచి వచ్చాక దొరికే ఫోన్. కాలేజీకి బస్సులో పోయే రోజుల్లో ఆ అమ్మాయికి ఆరేడు గంటలు తనవి. ఆన్‌లైన్ అనగానే ఆ గంటలు ఇల్లు తీసేసుకుంది. మీ ఇంట్లో ఇద్దరూ చదువుతుంటే ఒక వారం ఊరికే చూడండి, ఎవరిని ఎన్నిసార్లు లేపుతున్నారో. "ఆన్‌లైన్లనే గదా, పెండ్లైనంక గూడ చదువుకోవచ్చు" అనే మాట ఒకటి సంబంధాలు చూసేటప్పుడు బాగా వినబడుతోంది. చదువుకోవచ్చు, నిజమే. అత్తగారింట్లో ఆ రెండు గంటలు ఆమెకు ఎవరు ఇస్తారో కూడా అదే రోజు, అందరి ముందూ మాట్లాడుకోండి.

చేర్పించే ముందు చూడాల్సినవి కొన్ని ఉన్నాయి, క్లుప్తంగా చెబుతాను. ఇంజినీరింగ్, మెడిసిన్, నర్సింగ్, ఫార్మసీ, లా డిగ్రీలను పూర్తిగా ఆన్‌లైన్‌లో ఇవ్వడానికి యూజీసీ ఒప్పుకోదు, ఇస్తామన్నవాడు మోసగాడే. మిగతా డిగ్రీలకు ఆ యూనివర్సిటీ ఆ కోర్సుకు అనుమతి పొందిందో లేదో యూజీసీ దూరవిద్యా విభాగం వెబ్‌సైట్‌లో ఉంటుంది. పిల్లవాడినే తెరిచి చూపించమనండి. అనుమతి ఉన్న సంస్థ ఆన్‌లైన్ డిగ్రీ, రెగ్యులర్ డిగ్రీతో సమానమేనని యూజీసీ 2022లో స్పష్టంగా చెప్పింది. ఫీజు కట్టలేకపోతే నెలనెలా కట్టుకోవచ్చని ఎవరైనా ఫోన్‌లో ఓటీపీ అడిగితే, అది ఫీజు వాయిదానా, మీ పేరు మీద అప్పా అని కాగితం తెప్పించుకుని చదివించుకోండి. చాలాసార్లు అప్పే. పిల్లవాడు కోర్సు మానేసినా కిస్తీలు ఆగవు.

నాలుగో వారం, ఐదో వారం కాడ పిల్లలు నీరసపడతారు. కొత్త మోజు తీరిపోతుంది, పరీక్ష ఇంకా దూరం. అన్నం కాడ "ఏం చెప్పిన్రు?" అంటే జవాబు రెండు రోజులు దాటవేశారంటే అదే గుర్తు. అప్పుడు ఫోన్ గుంజుకోకండి. గుంజుకుంటే కాలేజీ కూడా గుంజుకున్నట్టే. ఎన్ని అసైన్‌మెంట్లు అయినయ్, ఎన్ని పోయినయ్ అని నెమ్మదిగా లెక్క అడగండి. పోయినవి రెండైతే సర్దుకోవచ్చని ముందే చెప్పుకున్నాం. నాలుగు సబ్జెక్టులు ఎత్తుకుని మునిగిపోతుంటే, రెండు వదిలేసి రెండు గట్టెక్కించమనండి. వదిలేసినవి వచ్చేసారి మళ్లీ తీసుకోవచ్చు. పక్కింటి పిల్లవాడు పాసయ్యాడనే కబురు ఆ రోజు మాత్రం ఇంట్లోకి తేకండి.

చివరగా తల్లులకు ఒక మాట. ఇంటర్ అయ్యాక పెళ్లి చేసేస్తే చదువు ఆగిపోయిన వాళ్లు మీలో చాలామంది ఉన్నారు. రాంరెడ్డి సారు మొదలుపెట్టిన ఆ యూనివర్సిటీ ఇప్పటికీ మీలాంటివాళ్లను తీసుకుంటోంది, తెలుగు మీడియంలోనే, వయసు ఎంతైనా. ప్రవేశాల ప్రకటన ఏటా వానాకాలం ముందూ వెనకా వస్తుంది. ఇంటర్ మెమో బీరువాలో ఏ మూలనుందో వెతికి పెట్టుకోండి. దరఖాస్తు నింపే పని పిల్లవాడికి అప్పజెప్పండి.